ప్రశ్న అడిగితే తాళం

పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే అది బాప్తిస్మమేనా? లేక బుద్ధెరిగి, నమ్మి, నీళ్ళలో మునిగి లేస్తేనే బాప్తిస్మమా? మన నిజామాబాద్ ప్రాంతపు ఊళ్ళలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం నుంచి కుటుంబాలు విడిపోయిన చోట మొదట వినిపించేది ఈ ప్రశ్నే. అడిగేవాళ్ళు వేదాంత కళాశాలల్లో చదివినవాళ్ళు కారు. పొద్దున పసుపు కళ్ళంలో కూలికి పోయి సాయంత్రం బీడీలు చుట్టే ఆడవాళ్ళు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కొడుకులు. దుబాయిలోనో దోహాలోనో శుక్రవారం కూటాలకు పోయి అక్కడ వేరే బోధ విన్న కొడుకు ఇంటికొచ్చి అడుగుతాడు: "నాకు బాప్తిస్మం ఇచ్చిననాడు నేను ఏడుస్తున్ననంట. మరి నమ్మింది ఎవరు నాయినా?"

నాయిన దగ్గర జవాబు ఉండదు. పాస్టరేట్ అయ్యగారిని అడుగుతాడు. ఆయన కింద ఎన్నో ఊళ్ళు. వచ్చిన ఆదివారం సంస్కారం ఇచ్చి, చందాల పుస్తకం చూసుకొని, పక్క ఊరి ఆరాధనకు బండెక్కాలి. "మన సంఘం పద్ధతి అదే" అనేసి కదులుతాడు. నాలుగు నెలలకు ఆ కుటుంబం చెరువులో మునిగి లేస్తుంది. ఏడాదికి ఇంకో పది కుటుంబాలు. అప్పటిదాకా ఊరివైపు చూడని పెద్దలు అప్పుడు దిగుతారు. వాళ్ళు మాట్లాడేది బాప్తిస్మం గురించి కాదు. చర్చి తాళంచెవి ఎవరి దగ్గరుంది, పట్టా ఎవరి పేరున ఉంది, విడిపోయినవాళ్ళ పేర్లు సభ్యుల జాబితాలో ఇంకా ఎందుకున్నాయి అన్నవే వాళ్ళ ప్రశ్నలు. తర్వాత పోలీసు స్టేషను, ఆ తర్వాత కోర్టు.

సీఎస్ఐ నాయకత్వం మీద మేం మోపే నేరం ఇదే. విశ్వాసి వేసిన ప్రశ్నకు జవాబు చెప్పే పని మానుకొని, ఆస్తికి కాపలా కాసే పనిని మాత్రం అది శ్రద్ధగా చేస్తోంది. ఇంకే సంఘమైనా ఇలా చేస్తే అలవాటులే అని ఊరుకునేవాళ్ళం. ఈ సంఘం చేయడం మాత్రం సహించరానిది, ఎందుకంటే సిద్ధాంత భేదాలను ఏళ్ళ తరబడి కూర్చొని, వాదించి, రాసుకొని, తేల్చుకోవడం వల్లే ఇది పుట్టింది.

1919 మేలో తరంగంబాడిలో కొద్దిమంది పాస్టర్లు, ఎక్కువగా మనదేశం వాళ్ళే, కలిసి కూర్చున్నారు. పడమటి దేశాల్లో పుట్టిన తగాదాలను మనమెందుకు మోయాలన్నది వాళ్ళ బాధ. వాళ్ళలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొట్టమొదటి భారతీయుడు. అక్కడ మొదలైన సంప్రదింపులు 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో ముగిశాయి. మొత్తం 28 ఏళ్ళు పట్టింది. అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. బిషప్పులు ఉండాలనే ఆంగ్లికన్లు, బిషప్పుల మాటెత్తితే ముఖం చిట్లించే కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు, వీళ్ళ నడుమ మెథడిస్టులు చివరికి ఒక్క సంఘమయ్యారు. బిషప్పు చేతులు ఉంచి అభిషేకించని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా అన్నది అన్నిటికంటే పెద్ద ముడి. ఇకముందు అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారు, ఇప్పటికే సేవలో ఉన్నవాళ్ళను మళ్ళీ అభిషేకించకుండానే స్వీకరిస్తాం అని ఆ ముడి విప్పారు. ప్రపంచంలో అంతకుముందు బిషప్పులున్న సంఘమూ లేని సంఘమూ అలా ఏకమైన దాఖలా లేదు.

అప్పటి ఒప్పందంలో ఇంకో హామీ కూడా ఉంది. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి గిట్టని ఆరాధన క్రమాన్నిగానీ, పరిచారకుణ్ణిగానీ రుద్దబోమని అందులో రాసుకున్నారు. మనస్సాక్షి అన్న మాటకు పునాదిరాయిలోనే చోటిచ్చిన సంఘం ఇది. ఆ కాగితాన్ని ఈ తరం పాస్టరేట్ కమిటీల్లో ఎంతమంది చదివారని అడగాలనిపిస్తుంది.

ఇంత చేసినా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు ఆ అభిషేకం విషయంలోనే ఒప్పుకోక, బయటే ఉండిపోయి, కలకత్తా మెట్రోపాలిటన్ కింద కొనసాగారు. తెలుగునేల మీద సిద్ధాంతం కోసం మొత్తం ఒక ప్రాంతపు సంఘాలే పక్కకు నిలబడిన పెద్ద ఉదంతం అది. దశాబ్దాల తర్వాత నంద్యాల సీఎస్ఐలో కలిసింది. 2013లో ఆ నంద్యాల డయాసిస్‌కే ఎగ్గోని పుష్పలలిత బిషప్పయ్యారు, మొత్తం సీఎస్ఐలో తొలి మహిళా బిషప్పుగా. చెయ్యి ఉంచేది ఎవరన్న దాని మీద ఒకప్పుడు గడప దాటనన్న చోట, ఒక స్త్రీ చెయ్యి ఉంచి అభిషేకించే రోజు వచ్చింది. 1970ల్లో స్త్రీలకు అభిషేకం మొదలుపెట్టినప్పటి నుంచీ సంఘపు అత్యున్నత సభ అయిన సినడ్ ఆ మాటను వదలకుండా మాట్లాడుతూ వచ్చింది కాబట్టే అది సాధ్యపడింది. అంటే ఈ సంఘానికి జటిలమైన ప్రశ్నలను నెమ్మదిగా అరిగించుకోవడం చేతకాదని ఎవరూ అనలేరు.

మరి బాప్తిస్మం దగ్గర ఎందుకు నోరు పెగలదు?

ఇక్కడ మన ప్రాంతపు చరిత్ర కొంచెం చూడాలి. నిజాం రాజ్యంలో మిషన్లు ఒకదాని దారికి ఒకటి అడ్డురాకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. మెదక్, నిజామాబాద్ వెస్లియన్ మెథడిస్టులకు వచ్చాయి. హనుమకొండ, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అమెరికన్ బాప్టిస్టులు వెళ్ళారు. మెథడిస్టులు పసిపిల్లలకు చిలకరించారు. బాప్టిస్టులు పెద్దవాళ్ళనే ముంచారు, ఇప్పటికీ ముంచుతున్నారు, ఆ పట్టుదల వల్లే 1947 ఐక్యతలో చేరలేదు. ఆర్మూరు వైపు మాలవాడలోని తాతకూ జనగామ వైపు మాదిగవాడలోని తాతకూ ఈ భేదం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, అడగనూ లేదు. ఎవరి ఊరు ఏ మిషన్ వాటాకు వస్తే అదే వాళ్ళ సిద్ధాంతమైంది. ఇవాళ మనవడు అడుగుతున్న ప్రశ్న, తాతకు అసలు అడిగే అవకాశమే దక్కని ప్రశ్న. "మన సంఘం పద్ధతి" అని అయ్యగారు అంటున్నది నిజానికి నూరేళ్ళ కిందట దొరలు గీసుకున్న హద్దు.

ప్రశ్న కూడా కొత్తదేమీ కాదు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రీస్తును నమ్మి, 1930ల్లో తిరిగొచ్చి సువార్త చెప్పిన భక్తసింగ్ మద్రాసులో ఇదే ప్రశ్నను మిషన్ సంఘాల ముందు పెట్టాడు. ఆయన కూటాల్లో మారుమనసు పొందినవాళ్ళు ముంచుడు బాప్తిస్మం అడిగారు. అయ్యగార్ల వ్యవస్థ, జీతాల పరిచర్య ఎందుకన్నారు. మిషన్ సంఘాల పాస్టర్లు తలుపులు మూశారు. పల్లవరం కొండ మీద రాత్రంతా ప్రార్థించి, 1941లో ఆయన మద్రాసులో వేరే సహవాసం ప్రారంభించాడు. తర్వాత హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోన్ ఆ ఉద్యమానికి కేంద్రమైంది. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ సంఘాల నుంచి వేల కుటుంబాలు అటు నడిచాయి. 2000 సెప్టెంబర్‌లో భక్తసింగ్ చనిపోయినప్పుడు హైదరాబాద్ చూసిన జనసందోహాన్ని మన పెద్దవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. అంటే సీఎస్ఐ పుట్టకముందు నుంచే ఈ ప్రశ్న దాని వాకిట్లో నిలబడి ఉంది. దానికి తెలుగులో, పల్లెలో చదివి వినిపించదగ్గ నాలుగు పేజీల జవాబును ప్రతి ఊరికీ చేర్చడం ఇన్నేళ్ళకూ సాధ్యం కాలేదా?

జవాబు లేదని మేం అనుకోవడం లేదు. నిబంధన తల్లిదండ్రులతో పాటు పిల్లలకూ వర్తిస్తుందని, దేవుని కృప మన బుద్ధి పెరిగేదాకా ఆగదని, ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందిన కుటుంబాలు అపొస్తలుల కార్యాల్లోనే ఉన్నాయని, పసితనంలో ఇచ్చినదాన్ని ఎదిగాక కన్ఫర్మేషన్‌లో సొంతం చేసుకుంటారని గట్టి వాదనే ఉంది. సీఎస్ఐ ఆరాధన పుస్తకంలో పెద్దవాళ్ళ బాప్తిస్మానికి కూడా క్రమం ఉంది. ఎదుటివాళ్ళ వాదన కూడా అంత గట్టిదే. విచారమేమిటంటే రెండూ ఒక వేదిక మీద ఎదురుపడవు. మన యార్డులో ఖరీదుదారు పసుపుకొమ్మును విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. సంఘ పెద్దలు మాత్రం కొమ్మును విరవనివ్వరు.

తీరిక లేదంటారా? బిషప్పుల పదవీ విరమణ వయసును 67 నుంచి 70కి పెంచే సవరణ మీద సినడ్‌లో, డయాసిస్‌లలో జరిగిన హడావిడి సంగతి చూడండి. 2023 సెప్టెంబర్‌లో మద్రాసు హైకోర్టు సంఘాధిపతి అయిన మోడరేటర్ ఎన్నికే చెల్లదంది. 2024 ఏప్రిల్‌లో సంఘ వ్యవహారాలు చక్కదిద్దడానికి ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. పేరుమోసిన లాయర్లు, వందల పేజీల అఫిడవిట్లు, రుజువులు, ప్రతిరుజువులు. కుర్చీలో మూడేళ్ళు ఎక్కువ కూర్చోవచ్చా లేదా అన్నదానికి ఇంత పాండిత్యం ఖర్చయింది. పల్లెలో తల్లి తన బిడ్డ బాప్తిస్మం గురించి అడిగినదానికి ఒక కరపత్రం రాలేదు.

ఆస్తి సంగతికొస్తే, సంఘ ఆస్తులను చూసుకునే సీఎస్ఐ ట్రస్టు అసోసియేషన్ 1947 సెప్టెంబర్ 26న రిజిస్టరయింది. సంఘం పుట్టడానికి ఒక రోజు ముందు! ఇందులో తప్పేమీ లేదు, ఆస్తికి యజమాని ఉండాలి కదా. కానీ మన ప్రాంతపు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ఈ పనిని ఎలా చేశాడో గుర్తుచేయాలి. 1763లో ఆయన తన ప్రసంగ మందిరాలకు ఒక నమూనా దస్తావేజు రాయించాడు. మందిరాలు ట్రస్టీల చేతిలో ఉంటాయి, కానీ అందులో ప్రసంగించేవాడు తాను రాసిన కొత్త నిబంధన వ్యాఖ్యానానికీ, నాలుగు సంపుటాల ప్రసంగాలకూ విరుద్ధంగా బోధించకూడదు. ఆయన లెక్కలో ఆస్తి బోధకు కట్టుబడి ఉండేది. బోధ నిలబడడానికే గోడలు. ఆ తాడును మనవాళ్ళు ఎప్పుడు తెంపారో గానీ, ఇవాళ గోడలున్నాయి, దస్తావేజు ఉంది, బోధ మాత్రం ప్రతి ఊరికీ చేరడం లేదు. ఇంకో సంగతి, వెస్లీ చనిపోయేదాకా ఇంగ్లండు సంఘపు గురువుగానే ఉన్నాడు, తన వాళ్ళను విడిపోవద్దన్నాడు. విడిపోయారు. ఆ విడిపోయినవాళ్ళ సంతానమే మన ఊళ్ళున్న మెదక్ డయాసిస్. వేరుపడడం అనే పాపాన్ని మరొకరికి అంటగట్టేముందు ఈ వంశవృక్షాన్ని ఒకసారి చూసుకుంటే మంచిది.

అమెరికాలో వెస్లీ వారసులే అయిన యునైటెడ్ మెథడిస్టులు స్వలింగ వివాహం, స్వలింగ సంపర్కుల అభిషేకం మీద చీలారు. 2019లో ప్రత్యేక మహాసభ పెట్టి, మనస్సాక్షి కారణంగా వెళ్ళదలచిన సంఘానికి ఒక దారి రాశారు. సభకు హాజరైన సంఘ సభ్యుల్లో మూడింట రెండు వంతులు వెళ్ళడానికి ఓటేయాలి, రెండేళ్ళ చందాలు, పాస్టర్ల పింఛను బాకీలో తమ వాటా కట్టాలి, అప్పుడు భవనం తీసుకొని వెళ్ళొచ్చు. 2023 చివరికి ఆ దారి మూసేలోపు సుమారు 7,600 సంఘాలు వెళ్ళిపోయాయి, దేశంలోని వాళ్ళ సంఘాల్లో దాదాపు నాలుగో వంతు. ఆ గొడవలో చేదు తక్కువేం కాదు, కోర్టులకెక్కినవాళ్ళూ ఉన్నారు. అయినా ఎవరు ఎందుకు వెళ్తున్నారో కాగితం మీద ఉంది. ఓటు వేసిన అమ్మమ్మకు తాను దేనికి ఓటు వేసిందో తెలుసు.

మన దగ్గర ఏముంది? వెలి ఉంది. ఊరి కట్టుబాట్లు నడిపే గ్రామాభివృద్ధి కమిటీల గురించి ఆర్మూరు, బాల్కొండ ప్రాంతపు పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. మాట వినని కులానికి కిరాణా కొట్టులో ఉప్పు అమ్మనివ్వకపోవడం, గీత కార్మికుల కుటుంబాలను వెలివేయడం, జరిమానాలు వేయడం మన పత్రికల్లో ఏటా వచ్చే వార్తలే. ఆ వెలికి దెబ్బతిన్నవాళ్ళలో మాల, మాదిగవాడలు ఎప్పుడూ ముందుంటాయి. అదే వాడలోని సంఘం, ముంచుడు బాప్తిస్మం తీసుకున్న ఇంటికి పెళ్ళి చేయనంటే, చనిపోతే సమాధుల తోటలో చోటు లేదంటే, ఊరి పెత్తందారు దగ్గర నేర్చుకున్న విద్యను సొంత తమ్ముడి మీద ప్రయోగించినట్టు కాదా? సిద్ధాంతం మాట వేరు. ఆరడుగుల నేల మాట వేరు. ఆ రెండింటినీ కలిపే హక్కు ఏ కమిటీకీ లేదు.

1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు పెద్ద విరాళమిచ్చింది నర్సాగౌడ్ అనే హిందువు. రోగిని ఏ మతమని, ఏ బాప్తిస్మమని అక్కడ అడగలేదు. ఆ ఆసుపత్రి పేరు చెప్పుకొని గర్వపడే డయాసిస్‌కు సమాధుల తోట గేటు దగ్గర రిజిస్టరు తెరవడం శోభించదు.

విడిపోయినవాళ్ళను కూడా ఊరికే వదలలేం. సిద్ధాంతం పేరుతో బయలుదేరిన స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి ఇవాళ సిద్ధాంతం కంటే పాస్టరుగారి పేరే పెద్దది. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో క్రీస్తు సిలువ కంటే పెద్దది. స్థలం ఆయన పేరున, ఆయన తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు. దశమభాగం ఎంత వచ్చింది, ఎటు పోయిందన్నది అడిగేవాళ్ళు లేరు. అడిగినవాడు ఇంకో సంఘం పెట్టుకోవాల్సిందే, అందుకే వాడకు నాలుగు షెడ్లు. భక్తసింగ్ జీతపు పరిచర్యను కాదని వెళ్ళాడు. ఆయన బోధను అప్పుతెచ్చుకున్నవాళ్ళలో కొందరు జీతాన్ని వారసత్వంగా మార్చారు. సీఎస్ఐలో కనీసం లెక్క అడగడానికి ఒక కమిటీ, దాని మీద ఒక కౌన్సిల్, దాని మీద ఒక కోర్టయినా ఉంది.

విడిపోవడానికి ఎవరూ పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. మన దగ్గర వాళ్ళను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. పాత సంఘంలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది, అది రాతపూర్వకమైన రుజువు. కొత్త సహవాసంలో చాలాచోట్ల రిజిస్టరే ఉండదు. కొడుక్కి కులం సర్టిఫికెట్ కావాల్సిన తండ్రికి ఆ లేమి ఒక భరోసా. దీన్ని మేం తప్పు పట్టడం లేదు, తప్పు ఆ ఉత్తర్వుది. కానీ దీన్ని కూడా బాప్తిస్మపు వివాదంలో కలిపేసి, అంతా సిద్ధాంతమే అని రెండు పక్షాలూ నటించడం మాత్రం తప్పే. 2011 జనగణనలో తెలంగాణ జనాభాలో క్రైస్తవులు సుమారు 1.3 శాతం. ఇంత చిన్న సమూహం తనలో తాను ఇన్ని ముక్కలై, ఆ ఉత్తర్వు మీద కలిసి పోరాడాల్సిన చోట మాత్రం ఒక్క గొంతూ గట్టిగా లేవకుండా ఉంది.

మెదక్ డయాసిస్ చేయగలిగిన పనులున్నాయి. బాప్తిస్మం మీద తన వాదనను, ఎదుటి వాదనను కూడా న్యాయంగా పేర్కొంటూ, తేట తెలుగులో అచ్చువేసి ప్రతి పాస్టరేట్‌లో చదివించాలి. పాస్టర్లను పట్టణపు పెద్ద చర్చీల్లో కుప్పపోయకుండా ఊళ్ళకు పంపాలి, వచ్చిన రోజు ఒక పూట ప్రశ్నలకే కేటాయించాలి. సంఘంలో మెజారిటీ నిజంగా మనస్సాక్షితో వెళ్ళదలిస్తే దానికి ఓటు, గడువు, భవనం వాడుక గురించి ఒక రాతపూర్వకమైన విధానం ఉండాలి. వెళ్ళేవాళ్ళు కూడా కొత్త చోటును ఒక మనిషి పేరున కాకుండా సంఘం పేరున రిజిస్టరు చేసి, ఏటా లెక్క చదవాలి. ఇవన్నీ డయాసిస్ కౌన్సిల్‌లో చర్చించి తేలాల్సిన సంగతులు, కొంత కాలం పడుతుంది. సమాధుల తోట మాట మాత్రం కౌన్సిల్ దాకా ఆగనక్కర్లేదు. ప్రతి పాస్టరేట్ కమిటీ వచ్చే ఆదివారం ఆరాధన కాగానే కూర్చొని, వాడలో ఏ ఇంట్లో చావు జరిగినా చోటు ఇస్తామని తీర్మానం రాసి చర్చి గోడకు అంటించొచ్చు.